రెక్స్ క్లాజులతో మెయిన్‌ఫ్రేమ్ వేగం అంచనా

రెక్స్ అనే స్క్రిప్టింగ్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామును నడిపి, సెకనుకు ఎన్ని క్లాజులు (ఆ భాషలో పనికి ప్రమాణాలు) పూర్తయ్యాయో లెక్కించి, దాన్నిబట్టి మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్ వేగాన్ని అంచనా కట్టే పద్ధతి ఒకటి ఉంది. ఈ పనికి వాడే ప్రోగ్రాముల్లో ప్రసిద్ధమైనది రెక్స్‌సీపీఎస్. రెక్స్ భాషను సృష్టించిన మైక్ కౌలిషాయే దీన్నీ రాశారు. 1989 ప్రాంతంలో పుట్టిన ఈ ప్రోగ్రాము ఐబీఎం పెద్ద యంత్రాల మీద, పర్సనల్ కంప్యూటర్ల మీద, మెయిన్‌ఫ్రేమును అనుకరించే ఎమ్యులేటర్ల మీద కూడా నడుస్తుంది. దీనికి ప్రత్యేక అనుమతులు గానీ ఖరీదైన పనిముట్లు గానీ అక్కర్లేదు. టీఎస్ఓ అనే మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ సదుపాయంలోకి సాధారణ లాగిన్ ఉన్న ప్రోగ్రామరు ఎవరైనా నిమిషంలోపు ఫలితం చూడవచ్చు. ఆ సౌలభ్యమే దీని బలం. వచ్చిన అంకెకు లేని అర్థం అంటగట్టే ప్రమాదం కూడా ఆ సౌలభ్యంలోనే ఉంది. అందుకే కొలిచే తీరుతో పాటు దాని హద్దులనూ కలిపి నేర్చుకోవాలి.

వేగాన్ని కొలవడంలోని చిక్కు

మెయిన్‌ఫ్రేమ్ శక్తిని చెప్పడానికి పాతకాలం నుంచి వాడుకలో ఉన్న మాట మిప్స్, అంటే సెకనుకు ఎన్ని పది లక్షల ఇన్‌స్ట్రక్షన్లు అన్న లెక్క. వినడానికి తేలికగా ఉన్నా ఇది నిలకడ లేని కొలమానం. ఐబీఎం యంత్రాల ఇన్‌స్ట్రక్షన్లన్నీ ఒకే బరువున్నవి కావు. రెండు రిజిస్టర్లను కూడే ఇన్‌స్ట్రక్షను చేసేది చాలా చిన్న పని. మెమరీలో ఒకచోటి నుంచి మరోచోటికి అక్షరాలను చేరవేసే ఇన్‌స్ట్రక్షను ఒక్కటే 256 బైట్ల దాకా కదిలిస్తుంది. దాని పెద్ద రూపం ఒక్క ఆజ్ఞతో 16 మెగాబైట్ల వరకు కదిలించగలదు. ఇలాంటి యంత్రంలో సెకనుకు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయన్నది ఏ ప్రోగ్రాము నడిచిందన్న దాని మీదే ఆధారపడుతుంది. అందువల్ల మిప్స్ క్రమంగా అసలు అర్థం పోగొట్టుకుని, యంత్రాల మధ్య నిష్పత్తిని చెప్పే వాడుక అంకెగా మిగిలింది. 1970ల నాటి సిస్టమ్/370 మోడల్ 158ను సుమారు 1 మిప్స్‌గా పెట్టుకుని మిగతా యంత్రాలను దానితో పోల్చడం అలా అలవాటైంది.

ఈ చిక్కును దాటడానికి చాలా ప్రయత్నాలు జరిగాయి. 1950ల చివర ఐబీఎంకు చెందిన జాక్ గిబ్సన్ నిజమైన ప్రోగ్రాముల్లో ఏ ఇన్‌స్ట్రక్షను ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టి, గిబ్సన్ మిక్స్ అనే సగటును తయారుచేశారు. 1970ల తొలినాళ్లలో బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో వెట్‌స్టోన్ బెంచ్‌మార్క్ రూపొందింది. శాస్త్ర గణనల్లోని ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల వేగాన్ని అది కొలిచింది. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ రాసిన డ్రిస్టోన్ పూర్ణాంకాల పని, షరతులు, ప్రొసీజరు పిలుపులను కొలిచింది. 1988లో పలు కంపెనీలు కలిసి స్పెక్ అనే సంస్థను పెట్టుకుని, నిజమైన ప్రోగ్రాములనే బెంచ్‌మార్కులుగా వాడే పద్ధతి తెచ్చాయి. రెక్స్‌సీపీఎస్ ఈ కాలానిదే. గిబ్సన్ మిక్స్ వెనుక ఉన్న ఆలోచనే దీని వెనుకా ఉంది. ప్రజలు నిజంగా రాసే ప్రోగ్రాముల్లో ఏవి ఎంత పాళ్లలో ఉంటాయో చూసి, ఆ పాళ్లలోనే ఒక కృత్రిమ ప్రోగ్రామును అల్లడం ఆ ఆలోచన.

రెక్స్ భాష

కౌలిషా 1979 మార్చిలో ఇంగ్లండులోని ఐబీఎం హర్స్‌లీ ప్రయోగశాలలో పనిచేస్తూ రెక్స్ రూపకల్పన మొదలుపెట్టారు. అప్పటికి వీఎం/సీఎంఎస్ వ్యవస్థలో ఎగ్జెక్, ఎగ్జెక్ 2 అనే ఆజ్ఞా భాషలు ఉండేవి. వాటిలో రాసిన ప్రోగ్రాములు చదవడానికి ఇబ్బందిగా ఉండేవి. మనిషి చదువుకోవడానికి, తప్పులు దిద్దుకోవడానికి వీలుగా ఉండే భాష కావాలన్నది కౌలిషా పట్టుదల. ఐబీఎం అంతర్గత నెట్‌వర్కు ద్వారా దేశదేశాల ఉద్యోగులు రాసిన సూచనలను చూస్తూ ఆయన భాషను దిద్దుకుంటూ పోయారు. 1981లో హ్యూస్టన్‌లో జరిగిన షేర్ వాడుకరుల సమావేశంలో రెక్స్ మొదటిసారి బయటి ప్రపంచానికి పరిచయమైంది. 1983లో వీఎం వ్యవస్థతో పాటు వినియోగదారులకు అందింది. 1980ల చివరికి ఎంవీఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీది టీఎస్ఓలోకీ వచ్చింది. 1996లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ దీనికి ప్రమాణం ప్రకటించింది.

కొలతకు సంబంధించి రెక్స్‌లో గమనించాల్సిన లక్షణాలు మూడు. మొదటిది, ఇందులో విలువలన్నీ అక్షరమాలలే. అంకెలు కూడా అక్షరమాలలుగానే కనబడతాయి, లెక్కలన్నీ పదుల పద్ధతిలో జరుగుతాయి. వేరే చెప్పకపోతే 9 అంకెల ఖచ్చితత్వం ఉంటుంది. రెండోది, ప్రోగ్రామును సాధారణంగా ఇంటర్‌ప్రెటర్ వరుసగా చదువుతూ నడిపిస్తుంది. కాబట్టి రెక్స్ ప్రోగ్రాము వేగం అంటే యంత్రం, ఇంటర్‌ప్రెటర్ రెండూ కలిసి చూపిన వేగం. మూడోది, భాషలో పనికి ప్రమాణం క్లాజు. ఒక విలువ కేటాయింపు, ఒక షరతు, ఒక పిలుపు, ఒక లూపు ముగింపు, ఇలా ఒక్కొక్కటీ ఒక్కో క్లాజు. ప్రోగ్రామరు రాసే వాక్యానికీ క్లాజుకూ దగ్గరి పోలిక ఉంది. కాబట్టి సెకనుకు ఇన్ని క్లాజులు అన్న అంకె రెక్స్ రాసేవారికి వెంటనే అర్థమవుతుంది.

రెక్స్‌సీపీఎస్ నిర్మాణం

రెక్స్‌సీపీఎస్ గుండెకాయ ఒక లూపు. ఆ లూపు ఒకసారి తిరిగితే 1000 క్లాజులు నడుస్తాయి. ఆ క్లాజుల కూర్పును కౌలిషా లక్షల కొద్దీ పంక్తుల నిజమైన రెక్స్ కోడును విశ్లేషించి నిర్ణయించారు. అందులో విలువల కేటాయింపులు, చుక్కలతో కూడిన కాంపౌండ్ వేరియబుళ్లు, షరతులు, అక్షరమాల ముక్కను తీసే ఫంక్షన్లు, చిన్న చిన్న లెక్కలు, పార్స్ ఆజ్ఞలు, ఒక సబ్‌రొటీను పిలుపు ఉంటాయి. ఇవన్నీ రోజువారీ రెక్స్ పనిలో కనబడే పాళ్లలోనే ఉంటాయి. కష్టమైన గణితం గానీ ఫైళ్ల చదవడం, రాయడం గానీ ఇందులో లేవు. డిస్కు వేగం, నెట్‌వర్కు వేగం ఫలితంలోకి రాకుండా చేసిన జాగ్రత్త అది.

కొలత రెండు అంచెలుగా జరుగుతుంది. ముందు ఖాళీ లూపును అన్నే సార్లు తిప్పి దానికి పట్టిన సమయం చూస్తారు. తరువాత అసలు లూపును తిప్పుతారు. రెండో సమయంలోంచి మొదటిది తీసేస్తే, లూపు తిప్పడానికైన ఖర్చు పోయి క్లాజుల ఖర్చు మిగులుతుంది. ఇలా చాలాసార్లు కొలిచి సగటు తీస్తారు. ఒక తిరుగుడుకు, అంటే 1000 క్లాజులకు, 0.0004 సెకను పట్టిందనుకుంటే వేగం సెకనుకు 25,00,000 క్లాజులు అవుతుంది.

సగటు తీయడం ఇక్కడ అలంకారం కోసం కాదు. 1989 నాటి యంత్రాల మీద చాలినన్ని తిరుగుళ్లు ఇప్పటి యంత్రం మీద కన్ను మూసి తెరిచేలోపు అయిపోతాయి. కొలవాల్సిన సమయం చిన్నదయ్యేకొద్దీ గడియారం సూక్ష్మత, మధ్యలో వచ్చిన ఒక్క అంతరాయం ఫలితాన్ని బాగా కదిలిస్తాయి. అందువల్ల తిరుగుళ్ల సంఖ్యను పెంచి, మొత్తం పరుగు కనీసం కొన్ని సెకన్లైనా సాగేలా చూసుకోవాలి.

సీపీయూ సమయం, గడియారపు సమయం

ఈ పద్ధతిలో అన్నింటికన్నా ముఖ్యమైన భేదం ఇదే. రెక్స్‌సీపీఎస్ వాడేది రెక్స్ భాషలోని టైమ్ ఫంక్షను. అది గోడ గడియారం ప్రకారం గడిచిన సమయాన్ని చెబుతుంది. ఒక్కరే వాడే పర్సనల్ కంప్యూటరులో ఇది దాదాపు సరిపోతుంది. మెయిన్‌ఫ్రేమ్ అలా ఉండదు. ఒకే యంత్రాన్ని ఎల్‌పార్లు అనే భాగాలుగా విడగొడతారు. ప్రతి ఎల్‌పార్‌కూ వెయిట్ అనే వాటా కేటాయిస్తారు. ఒక్కో ఎల్‌పార్ లోపల వర్క్‌లోడ్ మేనేజరు ప్రాధాన్యం ప్రకారం పనులకు ప్రాసెసర్ ఇస్తుంది. బ్యాంకు లావాదేవీలు వచ్చిపడుతున్న వేళ టీఎస్ఓ నుంచి నడిపిన బెంచ్‌మార్కు వరుసలో ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపంతా గడియారపు సమయంలో కలుస్తుంది.

కాబట్టి మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెడ్/ఓఎస్ మీద కొలిచేవారు సీపీయూ సమయాన్ని కూడా తీసుకోవాలి. టీఎస్ఓ రెక్స్‌లోని సిస్‌వార్ ఫంక్షను ఆ సెషను వాడిన సీపీయూ సెకన్లను, సర్వీస్ యూనిట్లు అనే వాడకపు కొలతను ఇస్తుంది. పరుగు ముందు, తరువాత ఈ విలువలను చదివి తేడా తీస్తే ప్రాసెసరు నిజంగా మన పని మీద ఎంతసేపు ఉందో తెలుస్తుంది. వీఎం మీద క్వెరీ టైమ్ ఆజ్ఞ అతిథి యంత్రం వాడిన సీపీయూ సమయాన్ని చూపిస్తుంది.

ఈ రెండు సమయాలను పక్కపక్కన పెట్టి చూడడం వల్ల మరో పెద్ద లాభం ఉంది. ఐబీఎం ఒకే హార్డ్‌వేరును వేర్వేరు సామర్థ్య స్థాయిల్లో అమ్ముతుంది. తక్కువ స్థాయిలో సాధారణ ప్రాసెసర్ల వేగాన్ని ఉద్దేశపూర్వకంగా తగ్గించి ఇస్తుంది. అలాంటి యంత్రం మీద అదే లూపుకు సీపీయూ సమయమే ఎక్కువవుతుంది. వెయిట్ తక్కువైనా, సామర్థ్యానికి పరిమితి పెట్టినా సీపీయూ సమయం దాదాపు మారదు, గడియారపు సమయం మాత్రం పెరుగుతుంది. అంటే సీపీయూ సమయం పెరిగితే ప్రాసెసరు నెమ్మదించిందని, గడియారపు సమయం ఒక్కటే పెరిగితే మనకు దక్కే వాటా తగ్గిందని మొదటి అనుమానంగా తీసుకోవచ్చు. పని ఆలస్యమవుతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు వెతకాల్సిన దారిని ఈ ఒక్క భేదం సగానికి తగ్గిస్తుంది.

మిప్స్‌గా, ఎమ్మెస్యూగా మార్చడం

సెకనుకు ఇన్ని క్లాజులన్న అంకె నేరుగా మిప్స్ కాదు. మధ్యలో ఒక ప్రమాణ యంత్రం కావాలి. ఇంట్లో ఒకే సోలతో రెండు బస్తాల బియ్యం కొలిస్తే ఏది ఎక్కువో తెలుస్తుంది. కిలోల్లో చెప్పాలంటే ఆ సోలను ఒక్కసారైనా కాటా మీద తూచాలి. అలాగే సామర్థ్యం ముందే తెలిసిన యంత్రం మీద రెక్స్‌సీపీఎస్ నడిపి నిష్పత్తి కట్టుకోవాలి.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఒక్కో ప్రాసెసరు 500 మిప్స్ అని తెలిసిన పాత యంత్రం మీద సెకనుకు 20 లక్షల క్లాజులు వచ్చాయనుకుందాం. అంటే ఒక మిప్స్‌కు 4000 క్లాజులు. అదే ఇంటర్‌ప్రెటరు, అదే ప్రోగ్రాముతో కొత్త యంత్రం మీద 30 లక్షలు వస్తే, కొత్త ప్రాసెసరు సుమారు 750 మిప్స్ అని అంచనా. ఈ అంచనా ఒక్క ప్రాసెసరుకే వర్తిస్తుంది. రెక్స్ ప్రోగ్రాము ఒక్క దారిలోనే నడుస్తుంది కాబట్టి యంత్రంలో పది ప్రాసెసర్లున్నా కొలతకు అందేది ఒక్కటే. దాన్ని పదితో హెచ్చించి మొత్తం సామర్థ్యం అనుకోవడం పొరపాటు. ప్రాసెసర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఉమ్మడి క్యాషే కోసం, లాకుల కోసం పోటీ పెరిగి ఒక్కోదాని నుంచి దక్కే ఫలం తగ్గుతుంది.

బెంచ్‌మార్కుతో పోల్చుకోవడానికి యంత్రం తన గురించి తాను చెప్పే అంకె కూడా రెక్స్‌కు అందుబాటులో ఉంది. జెడ్/ఓఎస్‌లో సీవీటీ అనే ప్రధాన కంట్రోల్ బ్లాకు ఉంటుంది. రెక్స్‌లోని స్టోరేజ్ ఫంక్షనుతో దాన్ని చదివి, అక్కడి నుంచి ఆర్‌ఎంసీటీ అనే మరో బ్లాకుకు వెళితే అందులో సీపీయూ సర్దుబాటు విలువ దొరుకుతుంది. 1,60,00,000ను ఆ విలువతో భాగిస్తే ఒక ప్రాసెసరు సెకనుకు ఎన్ని సర్వీస్ యూనిట్లు ఇస్తుందో వస్తుంది. ఆ విలువ 320 అయితే సెకనుకు 50,000 సర్వీస్ యూనిట్లు, గంటకు 18 కోట్లు, అంటే 180 ఎమ్మెస్యూలు. ఎమ్మెస్యూ అంటే గంటకు పది లక్షల సర్వీస్ యూనిట్లు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఐబీఎం సాఫ్ట్‌వేరు ధరలను ఎమ్మెస్యూల మీద లెక్కిస్తుంది. 2003లో వచ్చిన జెడ్990 నుంచి ధరల కోసం ప్రకటించే ఎమ్మెస్యూలను హార్డ్‌వేరు సామర్థ్యం కన్నా తగ్గించి ఇవ్వడం మొదలైంది. కాబట్టి సర్వీస్ యూనిట్ల నుంచి కట్టిన ఎమ్మెస్యూ, బిల్లులోని ఎమ్మెస్యూ ఒకటిగా ఉండనక్కరలేదు.

అంచనా తప్పే చోట్లు

రెక్స్‌సీపీఎస్ లూపు చిన్నది. దాని కోడు, డేటా, ఇంటర్‌ప్రెటరులో తరచుగా నడిచే భాగం ప్రాసెసరుకు దగ్గరి క్యాషేలోనే ఇమిడిపోతాయి. నిజమైన బ్యాంకింగ్ పని అలా ఉండదు. లావాదేవీల వ్యవస్థ సీఐసీఎస్‌లోని లావాదేవీ, డేటాబేస్ డీబీ2లోని వెతుకులాట మెమరీలో విస్తారంగా తిరుగుతాయి, ప్రాసెసరు డేటా కోసం తరచూ ఎదురుచూస్తుంది. ఈ తేడాను కొలవడానికి ఐబీఎం రెలెటివ్ నెస్ట్ ఇంటెన్సిటీ అనే సూచిని వాడుతుంది. క్యాషేలోనే సరిపోయే పనికి అది తక్కువగా, దూరపు క్యాషేలకూ మెమరీకీ వెళ్లే పనికి ఎక్కువగా ఉంటుంది. రెక్స్‌సీపీఎస్ మొదటి రకం. క్యాషే అమరిక మెరుగుపడినందువల్ల బ్యాంకు పనికి కలిగిన లాభం ఈ బెంచ్‌మార్కులో పూర్తిగా కనబడదు.

ప్రాసెసరు గడియారపు పౌనఃపున్యాన్ని నమ్ముకున్నా ఇదే చిక్కు. 2012లో వచ్చిన జెడ్‌ఈసీ12 ప్రాసెసరు 5.5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచింది. 2015లో వచ్చిన జెడ్13 వేగం 5.0 గిగాహెర్ట్జ్. పౌనఃపున్యం తగ్గినా కొత్త యంత్రం ఎక్కువ పని చేసింది. ఒక్కో చక్రంలో ఎక్కువ ఇన్‌స్ట్రక్షన్లను చేపట్టే నిర్మాణం, పెద్ద క్యాషేలు అందుకు కారణం. వినియోగదారుడికి ఇవ్వగల ప్రాసెసర్ల గరిష్ఠ సంఖ్య కూడా 101 నుంచి 141కి పెరిగింది. ఒక్క అంకెతో యంత్రాన్ని తూచడం ఎంత అసంపూర్ణమో ఈ జంట చక్కగా చూపిస్తుంది.

ఇంటర్‌ప్రెటరు మారితే పోలికే చెల్లదు. ఒకే ల్యాప్‌టాప్ మీద రెజీనా, ఊరెక్స్ అనే రెండు రెక్స్ అమలులను నడిపితే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. ప్రాసెసరు మారలేదు, ఇంటర్‌ప్రెటరు కోడు మారింది. మెయిన్‌ఫ్రేమ్ మీద ఐబీఎం రెక్స్ కంపైలరుతో తయారుచేసిన రూపానికీ ఇంటర్‌ప్రెటరుకూ మధ్య కూడా ఇలాంటి తేడానే ఉంటుంది. టీఎస్ఓ రెక్స్ అంకెను పర్సనల్ కంప్యూటరులోని రెజీనా అంకెతో పోల్చి మెయిన్‌ఫ్రేమ్ నెమ్మది అని తేల్చేయడం, అలాగే దానికి ఎదురు తీర్పు చెప్పడం, రెండూ ఆధారం లేని మాటలే.

ప్రత్యేక ప్రాసెసర్ల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లైనక్స్ కోసం ఇచ్చే ఐఎఫ్ఎల్, కొన్ని రకాల జెడ్/ఓఎస్ పనులకు ఇచ్చే జిప్ ప్రాసెసర్లు పూర్తి వేగంతోనే నడుస్తాయి. తక్కువ స్థాయి యంత్రంలో సాధారణ ప్రాసెసరు మీద నడిచే టీఎస్ఓ రెక్స్ అంకె, అదే పెట్టెలోని లైనక్స్ వేగాన్ని గురించి ఏమీ చెప్పదు.

చివరిది మర్యాదకు సంబంధించింది. ఉత్పత్తి వ్యవస్థ మీద పొడవాటి పరుగులు పెడితే నాలుగు గంటల చలన సగటు వాడకం పెరుగుతుంది. చాలా సంస్థల్లో నెలవారీ సాఫ్ట్‌వేరు బిల్లు ఆ సగటు శిఖరం మీదే ఆధారపడుతుంది. కొన్ని సెకన్ల పరుగు లెక్కలోకి రాదు. దాన్ని రోజంతా లూపులో వదిలేయడం మాత్రం ఇంకొకరి డబ్బుతో చేసే ప్రయోగం.

అధికారిక కొలతల స్థానం

సామర్థ్య ప్రణాళికకు ఐబీఎం ఎల్‌ఎస్‌పీఆర్ అనే పట్టికలను ప్రచురిస్తుంది. పలు రకాల పనిభారాలను యంత్రాల మీద నడిపి, ఒక్కో నమూనాకు ఒక్కో రకం పనిలో ఎంత సామర్థ్యం ఉందో నిష్పత్తులుగా ఇస్తుంది. 2010లో వచ్చిన జెడ్196 కాలం నుంచి పనిభారాలను తక్కువ, మధ్యస్థ, ఎక్కువ నెస్ట్ తీవ్రత అనే తరగతులుగా విడగొట్టింది. జెడ్10 నుంచి హార్డ్‌వేరులోనే కౌంటర్లు అమర్చింది. అవి సేకరించిన వివరాలు ఎస్‌ఎంఎఫ్ 113 రికార్డుల్లో చేరతాయి. ఒక సంస్థ పని ఏ తరగతిదో వాటి నుంచి తెలుసుకుని, జెడ్‌పీసీఆర్ అనే ఉపకరణంలో పెట్టి కొత్త యంత్రం సరిపోతుందో లేదో లెక్కిస్తారు. కోట్ల రూపాయల కొనుగోలు నిర్ణయానికి ఇదే సరైన దారి.

రెక్స్‌సీపీఎస్ ఉపయోగం వేరేచోట ఉంది. కొత్త యంత్రానికి మారిన మర్నాడు అనుకున్న సామర్థ్య స్థాయి నిజంగా అమల్లోకి వచ్చిందా అని చూడడానికి, రెండు ఎల్‌పార్‌ల మధ్య తేడా గమనించడానికి, నిర్వహణ పనుల తరువాత ఇంటర్‌ప్రెటరు నడక మారిందా అని పరీక్షించడానికి ఇది బాగా పనికొస్తుంది. ఇవన్నీ పోలికలే. రెండు పరుగుల మధ్య ఒక్క విషయం తప్ప మిగతాదంతా ఒకటిగా ఉన్నంతవరకు ఈ చిన్న ప్రోగ్రాము నమ్మకమైన సాక్షి.

తెలుగు నేలతో సంబంధం

ఐబీఎం 1978లో భారతదేశం విడిచి వెళ్లినప్పుడు, ఇక్కడ ఉన్న దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగంలోని సీఎంసీకి దక్కింది. సీఎంసీ తరువాత సికింద్రాబాదులో పరిశోధన, అభివృద్ధి కేంద్రం నడిపింది. అంతకుముందే, 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్, టీడీసీ శ్రేణి కంప్యూటర్లను దేశంలోనే రూపొందించింది. ఐబీఎం 1992లో టాటాల భాగస్వామ్యంతో తిరిగివచ్చింది. 1990ల చివర రెండువేల సంవత్సరం తేదీ సమస్య పాశ్చాత్య బ్యాంకుల, బీమా సంస్థల పాత కోబాల్ ప్రోగ్రాములను సవరించే పనిని పెద్ద ఎత్తున తెచ్చిపెట్టింది. హైదరాబాదులోని అమీర్‌పేటలో శిక్షణ సంస్థలు కోబాల్, జేసీఎల్, వీసామ్, సీఐసీఎస్, డీబీ2 నేర్పాయి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల నుంచి వేల మంది అక్కడికి చేరారు.

ఈ తరానికి రెక్స్ సాధారణంగా ఉద్యోగంలో చేరాక పరిచయమవుతుంది. ఐఎస్‌పీఎఫ్ అనే మెయిన్‌ఫ్రేమ్ ఎడిటరులో వందల మెంబర్లను (ఫైలు భాగాలను) ఒకేసారి మార్చే ఎడిట్ మాక్రో రాయడానికి, జాబులను నడిపించే జేసీఎల్ తయారుచేయడానికి, రాత్రి బ్యాచ్ జాబుల లాగులోంచి తప్పులను ఏరి చూపడానికి రెక్స్ చేతికందిన పనిముట్టు. ప్రోగ్రామరు అప్పటికే వాడుతున్న పనిముట్టుతోనే యంత్రం వేగాన్ని కూడా పరీక్షించగలగడం వల్ల, సామర్థ్యం గురించిన ఆలోచన సిస్టమ్ ప్రోగ్రామర్ల గదికే పరిమితం కాకుండా అప్లికేషన్ రాసేవారి దాకా వస్తుంది. తాను రాసిన కోడు ఎంత ప్రాసెసరు తింటోందో పట్టించుకునే ప్రోగ్రామరు సంస్థకు ఎంతో అవసరం. ఆ అలవాటు ఇలాంటి చిన్న కొలతలతోనే మొదలవుతుంది.

భంజనగర్ నుంచి చేయదగిన ప్రయోగం

తెలుగువారు ఉన్న ప్రాంతమే అయిన ఒడిశాలోని గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడిశాలో కలిశాక కూడా బరంపురం, దాని చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పూర్వం రస్సెల్‌కొండగా ఉండి, కవిసమ్రాట్ ఉపేంద్ర భంజ పేరు పెట్టుకున్న భంజనగర్ ఆ జిల్లా ఉత్తర భాగంలో ఉంది. 1967లో స్థాపించిన బరంపురం విశ్వవిద్యాలయం, దాని తరువాత వచ్చిన ఇంజనీరింగ్ కళాశాలలు ఈ ప్రాంతపు విద్యార్థులకు కంప్యూటరు చదువు అందిస్తున్నాయి. హౌరా-చెన్నై రైలు మార్గం బరంపురాన్ని విశాఖపట్నంతో కలుపుతుంది. ఆపైన హైదరాబాదు కూడా వారికి ఉద్యోగాల దారే. నిజమైన మెయిన్‌ఫ్రేమ్ దగ్గర లేకపోయినా, పైన చెప్పిన సూత్రాలన్నింటినీ భంజనగర్‌లో ఒక సాధారణ ల్యాప్‌టాప్ మీద పరీక్షించి చూడవచ్చు.

మొదటి అంచె ల్యాప్‌టాప్ మీదే. రెజీనా, ఊరెక్స్ రెండూ ఉచితంగా లభిస్తాయి. రెండింటిలోనూ రెక్స్‌సీపీఎస్ నడిపి చూస్తే ఇంటర్‌ప్రెటరు ప్రభావం అంకెల్లో కనబడుతుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసి, పెట్టి కొలిస్తే విద్యుత్ ఆదా కోసం ప్రాసెసరు వేగం తగ్గిన సంగతి కూడా తెలియవచ్చు. మెయిన్‌ఫ్రేములో సామర్థ్య స్థాయి తగ్గించినప్పుడు జరిగేదానికి ఇది దగ్గరి నమూనా.

రెండో అంచె హెర్క్యులీస్. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన ఈ ఎమ్యులేటరు సిస్టమ్/370 నుంచి తరువాతి నిర్మాణాల వరకు అనుకరిస్తుంది. దానిమీద 1981 నాటి ఎంవీఎస్ 3.8జే నడపవచ్చు. ఇప్పటి జెడ్/ఓఎస్‌కు ఐబీఎం లైసెన్సు కావాలి కాబట్టి విద్యార్థులకు ఆ పాత వ్యవస్థే సరైనది. దానికోసం బీరెక్స్/370 అనే రెక్స్ అమలు ఉంది. హెర్క్యులీస్ తన కన్సోలులో ఎమ్యులేటెడ్ ప్రాసెసరు మిప్స్‌ను నేరుగా చూపిస్తుంది. రెక్స్‌సీపీఎస్ నడుస్తుండగా ఆ మిప్స్‌ను రాసుకుని, దాన్ని పది లక్షలతో హెచ్చించి, సెకనుకు వచ్చిన క్లాజుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో క్లాజుకు సుమారు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఖర్చయ్యాయో కూడా తేలుతుంది. నిజమైన మెయిన్‌ఫ్రేమ్ మీద మామూలు వాడుకరికి ఇంత స్పష్టంగా కనబడని సంబంధం ఇది. ఎమ్యులేటరుకు ఒకటికి మించిన ప్రాసెసర్లు ఇచ్చి మళ్లీ నడిపితే రెక్స్‌సీపీఎస్ అంకె వాటితో పాటు పెరగదు. ఒక్క దారిలో నడిచే బెంచ్‌మార్కు హద్దు చేతికి తెలిసివస్తుంది.

మూడో అంచె ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్. ఇది ఇంటర్నెట్ ద్వారా నిజమైన జెడ్/ఓఎస్ మీద ఉచితంగా నేర్చుకునే వేదిక. అక్కడ రెక్స్ రాసి నడపవచ్చు. అది ఎంతోమంది పంచుకునే బోధనా వ్యవస్థ కాబట్టి బరువైన లూపులు అక్కడ పెట్టకూడదు. సీపీయూ సమయానికీ గడియారపు సమయానికీ తేడా చూడడానికి కొద్ది తిరుగుళ్ల పరుగు చాలు.

ఫలితాన్ని నమోదు చేసే తీరు

రెక్స్ క్లాజుల అంకెను ఒంటరిగా రాసిపెడితే కొన్నాళ్లకు రాసినవారికే దాని అర్థం తెలియదు. దానితో పాటు ప్రోగ్రాము వెర్షను, రెక్స్ అమలు పేరు, ఇంటర్‌ప్రెటరా కంపైల్ చేసిన రూపమా అన్నది, యంత్రం నమూనా, సామర్థ్య స్థాయి, ఎల్‌పార్ వెయిట్, పరిమితులు, కొలిచిన వేళ, తిరుగుళ్ల సంఖ్య రాయాలి. కన్సోలు నుంచి డిస్‌ప్లే ఆజ్ఞతో సీపీయూ వివరాలు చూడగల అధికారం ఉన్నవారు యంత్రపు నమూనా సంఖ్యను అక్కడే తీసుకోవచ్చు. గడియారపు సమయంతో వచ్చిన అంకె, సీపీయూ సమయంతో వచ్చిన అంకె విడివిడిగా ఇవ్వాలి. ఒక్క పరుగు చాలదు. పలు పరుగుల మధ్యస్థ విలువ, వాటి వ్యాప్తి రెండూ చూపాలి. పరుగుల మధ్య వ్యాప్తి పెద్దదైతే సగటుకు విలువ లేదు, ముందు ఆ అస్థిరతకు కారణం వెతకాలి.

ఈ వివరాలతో కూడిన కొలత ఏళ్ల తరబడి పనికొస్తుంది. యంత్రం మారినప్పుడు, వ్యవస్థ వెర్షను మారినప్పుడు, పని నెమ్మదించిందన్న మాట వినబడినప్పుడు పాత నమోదును తీసి ఎదురుగా పెట్టుకోవచ్చు. కొన్ని సెకన్లలో నడిచే స్క్రిప్టు మెయిన్‌ఫ్రేమ్ సామర్థ్యాన్ని సంపూర్ణంగా చెప్పలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏదైనా మారిందా అన్న ప్రశ్నకు మాత్రం, శ్రద్ధగా వాడితే, అది తేటగా జవాబిస్తుంది.